పెపిన్ సరస్సు మీద తొలి స్కీలు

వాటర్ స్కీయింగ్ ఏ ఊళ్లో పుట్టిందో, ఏ రోజు పుట్టిందో కచ్చితంగా చెప్పవచ్చు. ఊరు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న లేక్ సిటీ. రోజు 1922 జులై 2. ఆ సాయంత్రం రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే కుర్రవాడు తన చేత్తో వంచుకున్న రెండు పైన్ పలకల మీద నిలబడి, సోదరుడు బెన్ నడుపుతున్న మోటారు పడవ వెనక పెపిన్ సరస్సు మీద సాగిపోయాడు. తెల్లవారితే అతనికి 19 ఏళ్లు నిండుతాయి. ఆ తరవాతి ఐదేళ్లలో ఈ ఆటలో తొలి గెంతు వేసిందీ అతనే, విమానం వెనక తొలిసారి స్కీ చేసిందీ అతనే. ఆపై దాదాపు 40 ఏళ్లపాటు క్రీడాలోకానికి అతని పేరే తెలియదు. అతను ఒక్క పతకమైనా గెలవలేదు. గెలవడానికి అప్పటికి పోటీలే మొదలుకాలేదు. అయినా ఈ ఆటలో విజేతల వరస ఎక్కడ మొదలుపెట్టాలి అంటే అతని దగ్గరే మొదలుపెట్టాలి.

లేక్ సిటీ చిన్న ఊరు. దాని ముందున్న నీరు మాత్రం విశాలం. మిసిసిపీ నది ఇక్కడికి వచ్చేసరికి సరస్సులా వెడల్పవుతుంది. విస్కాన్సిన్ వైపు నుంచి వచ్చి కలిసే చిప్పెవా నది తెచ్చిన ఇసుక మేటలు మిసిసిపీకి అడ్డుకట్టలా నిలిచాయి. ఆ అడ్డుకట్ట ఎగువన నిలిచిన నీరే పెపిన్ సరస్సు. దాని పొడవు దాదాపు 35 కిలోమీటర్లు, వెడల్పు 3 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గాలి లేస్తే ఆ నీటిని నమ్మడానికి లేదు. 1890 జులైలో సీ వింగ్ అనే ఆవిరి పడవ తుపాను గాలికి తిరగబడి 98 మంది ప్రాణాలు పోయింది ఈ సరస్సులోనే. గాలి లేని వేసవి సాయంత్రాల్లో మాత్రం నీరు నున్నగా, అలల్లేకుండా ఉంటుంది. ఈత, చేపల వేట, పడవ షికార్లు అక్కడి పిల్లలకు పుట్టుకతో వచ్చే అలవాట్లు. చలికాలం వస్తే అదే సరస్సు గడ్డకడుతుంది. స్కాండినేవియా దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు మిన్నెసోటాలో ఎక్కువ కాబట్టి, మంచు మీద స్కీ చేయడం అక్కడివారికి కొత్త కాదు.

అప్పటికే నీటి మీద ఆడే ఆట ఒకటి ఉండేది. దాన్ని ఆక్వాప్లేన్ అనేవారు. తలుపంత వెడల్పున్న ఒకే ఒక్క బల్లను తాడుతో పడవకు కట్టేస్తారు. ఆడేవాడు దాని మీద నిలబడి మరో తాడు పట్టుకుంటాడు. బల్లను లాగేది పడవే, దాని దిక్కును నిర్ణయించేదీ పడవే. మీద ఉన్నవాడికి ఊరికే నిలబడటం తప్ప పెద్దగా పని ఉండదు. రాల్ఫ్‌కు అది బాగా వచ్చు. కానీ అతనికి తట్టిన ఊహ వేరు. మంచు మీద రెండు కాళ్లకు రెండు పలకలు కట్టుకుని జారుతున్నప్పుడు, నీటి మీద ఎందుకు జారకూడదు? పలకలను పడవ లాగనక్కర్లేదు. మనిషి తాడు పట్టుకుంటే చాలు, పడవ మనిషిని లాగుతుంది, పలకలు మనిషి చెప్పినట్టు వింటాయి. వినడానికి చిన్న మార్పే. ఆక్వాప్లేన్ నుంచి స్కీయింగ్‌ను వేరు చేసినది మాత్రం ఆ మార్పే. నేటి పోటీల్లో స్కీయర్ పడవకు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోగలుగుతున్నాడంటే కారణం, పడవకూ స్కీలకూ మధ్య మనిషి చేతులు తప్ప మరో బంధం లేకపోవడమే.

మొదట అతను పీపా చెక్కలతో ప్రయత్నించాడు. వాటికి సహజంగానే వంపు ఉంటుంది కాబట్టి పనికొస్తాయనుకున్నాడు. పొట్టిగా, ఇరుకుగా ఉండటంతో మనిషి బరువుకు మునిగిపోయాయి. తరవాత మంచు స్కీలు కట్టుకున్నాడు. పొడవు సరిపోయింది గానీ వెడల్పు చాలలేదు. మంచు గట్టి నేలలాంటిది, సన్నటి పలకనైనా మోస్తుంది. నీళ్లు అలా మోయవు. ఈ రెండు ఓటములతో అతనికి కావలసిందేమిటో తేలిపోయింది: పొడవుగానూ వెడల్పుగానూ ఉండే పలకలు.

దాంతో 8 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు ఉన్న రెండు పైన్ పలకలు తెచ్చుకున్నాడు. వాటి కొసలను పైకి వంచడమే అసలు పని. తల్లి బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో నీళ్లు మరిగించి, పలకల ముందు కొసలను అందులో ముంచి మెత్తబరిచాడు. మెత్తబడిన చెక్కను వంచి, వంపు విడిపోకుండా బిగించి కొన్ని రోజులు అలాగే ఉంచాడు. బళ్ల చక్రాలు చేసేవారూ పడవలు కట్టేవారూ తరతరాలుగా చెక్కను వంచుతున్న పద్ధతే ఇది. ఆ తరవాత పలకల మధ్యలో తోలు పట్టీలు కొట్టి పాదాలు దూర్చడానికి వీలు చేశాడు. లాగడానికి కిటికీ చట్రాల్లో వాడే నూలు తాడు సుమారు 100 అడుగులు తీసుకున్నాడు. తాడు కొసన పట్టుకోవడానికి ఒక ఇనుప కడియం. అది చేతులు కోసేయకుండా పైన చుట్టు చుట్టాడు. పడవ కూడా అంత గొప్పదేమీ కాదు. సాక్సన్ కంపెనీ లారీ ఇంజిన్ బిగించిన పని పడవ, గంటకు 20 మైళ్లయినా అందుకోలేనిది.

పలకలు సిద్ధమైనా పని కాలేదు. రోజుల తరబడి అతను నీళ్లలో పడుతూనే ఉన్నాడు. పడవ కదలగానే స్కీల ముందు కొసలు నీటిలోకి దూసుకుపోవడం, అతను తలకిందులై పడటం, బెన్ పడవ వెనక్కి తిప్పి మళ్లీ తాడు అందించడం. స్కీలను నీటికి సమంగా ఉంచి చూశాడు, కొసలను కాస్త కిందికి ఉంచి చూశాడు. ఏదీ కుదరలేదు. చివరికి జులై 2న, నీటిలో బాగా వెనక్కి వాలి, కొసలను నీటి పైకి లేపి పట్టుకున్నాడు. పడవ లాగింది. ఈసారి స్కీలు మునగలేదు. అతను లేచి నిలబడ్డాడు, అలాగే సాగిపోయాడు.

కొసలు పైకెత్తితే ఎందుకు నిలబడగలిగాడన్నది ఈ ఆట మొత్తానికీ మూలసూత్రం. కదలకుండా ఉన్న నీటి మీద పలకపై మనిషి నిలబడలేడు. అంత చిన్న పలక తొలగించే నీటి బరువు మనిషి బరువుకు సాటి రాదు. పలక వేగంగా కదులుతూ, ముందు కొస పైకి ఉన్నప్పుడు మాత్రం ఎదురొచ్చే నీరు దాని అడుగు భాగాన్ని కొడుతుంది. పలక ఆ నీటిని కిందికి తోస్తుంది, నీరు పలకను పైకి తోస్తుంది. పిల్లలు చెరువు మీదికి పెంకు విసిరి కప్పగంతులు వేయించేది ఈ కిటుకుతోనే: పెంకు ఏటవాలుగా, వేగంగా నీటిని తాకాలి. కొస కిందికి ఉంటే కథ తిరగబడుతుంది. నీరు పలక పైకెక్కి దాన్ని అణిచేస్తుంది. ఇందులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తాడు మనిషిని చేతుల దగ్గర ముందుకు లాగుతుంది, నీరు పాదాల దగ్గర వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలూ కలిసి మనిషిని బోర్లా పడేస్తాయి. వెనక్కి వాలితే శరీరం బరువు ఆ లాగుడికి విరుగుడుగా పనిచేస్తుంది. శామ్యూల్‌సన్‌కు ఈ లెక్కలు ఎవరూ చెప్పలేదు. పడుతూ పడుతూ తన ఒంటితోనే తెలుసుకున్నాడు.

ఈనాటికీ కొత్తగా నేర్చుకునేవారికి శిక్షకులు చెప్పే మాటలు అవే. మోకాళ్లు ఛాతీకి దగ్గరగా ముడుచుకోవాలి, చేతులు చాపి ఉంచాలి, స్కీల కొసలు నీటి పైకి కనిపించాలి, లేవాలని తొందరపడకూడదు, పడవే లేపుతుంది. కొత్తవారు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. తాడును ఛాతీకి లాక్కుని, కాళ్లు ముందుగానే చాచేసి లేవబోతారు. వెంటనే నీళ్లపాలవుతారు.

రాల్ఫ్ సాధించిన సంగతి ఊరంతా పాకింది. అతని విన్యాసాలు చూడటానికి ఆదివారాల్లో జనం ఒడ్డున చేరేవారు. తరవాత మిన్నెసోటా దాటి మిచిగన్‌లోనూ, చలికాలంలో ఫ్లోరిడాలోనూ ప్రదర్శనలిచ్చాడు. వాటికి అతను డబ్బు తీసుకోలేదు, స్కీలకు పేటెంటు కోసమూ ప్రయత్నించలేదు. ఇరవై ఏళ్ల ఆ కుర్రవాడికి ఇదొక వ్యాపారం అవుతుందన్న ఆలోచనే లేదనిపిస్తుంది. తన స్కీలతో ఇంకా ఏమేం చేయవచ్చన్న దాని మీదే అతని ధ్యాసంతా.

1925 జులై 8న అతను గెంతుకు సిద్ధపడ్డాడు. ఈతగాళ్లు దూకడానికి నీటిలో తేల్చి ఉంచిన తెప్ప ఒకటి ఉండేది. దాని ఒక కొస నీటిలో మునిగేలా, రెండో కొస పైకి లేచేలా ఏటవాలుగా నిలిపారు. మొదటి ప్రయత్నంలో స్కీలు పొడి చెక్కకు పట్టుకుపోయాయి. స్కీలు ఆగిపోగా రాల్ఫ్ మాత్రం ముందుకు ఎగిరి పడ్డాడు. అప్పుడు తెప్ప మీద పంది కొవ్వు దట్టంగా పూశారు. రెండోసారి స్కీలు జారాయి, తెప్ప కొస నుంచి గాలిలోకి లేచి అతను నిలబడే నీటి మీద దిగాడు. లోకంలో తొలి వాటర్ స్కీ గెంతు అదే. నేటి ర్యాంపులను నున్నటి పైపూతతో తయారుచేసి, ఎండిపోకుండా పైన ఎప్పుడూ నీళ్లు పారిస్తుంటారు. ఆ రోజు కొవ్వు చేసిన పనినే ఇప్పుడు నీళ్లు చేస్తున్నాయి.

అదే ఏడాది అతను చేసిన మరో సాహసం నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. పడవల వేగం అతనికి చాలలేదు. వాల్టర్ బుల్లక్ అనే పైలట్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం నాటి కర్టిస్ విమానం ఒకటి ఉంది. నీటి మీద నుంచే ఎగిరి నీటి మీదే దిగే రకం అది. దానికి తాడు కట్టించుకుని, నీటి మీద పరుగెత్తుతున్న విమానం వెనక రాల్ఫ్ గంటకు 80 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో స్కీ చేశాడు. ఆ వేగంలో పడితే నీరు మెత్తగా ఉండదు, గట్టి నేలలా తగులుతుంది. తలకు హెల్మెట్ లేదు, ఒంటికి రక్షణ దుస్తులు లేవు, కాళ్లకున్నవి తోలు పట్టీలు. తరవాతి కాలంలో ఇదొక ప్రత్యేక పోటీ అయింది. 1983లో ఆస్ట్రేలియాలో హాక్స్‌బరీ నది మీద క్రిస్టఫర్ మాసీ గంటకు 230 కిలోమీటర్లు దాటాడు. కానీ మాసీకి ముందు దశాబ్దాల అనుభవం, అందుకోసమే చేసిన పడవలు, పరికరాలు ఉన్నాయి. శామ్యూల్‌సన్ ముందు మరొకరు లేరు.

1927లో ఈ పరుగు ఆగిపోయింది. ఫ్లోరిడాలో ఒక నిర్మాణం పనిలో ప్రమాదం జరిగి అతని వెన్ను విరిగింది. స్కీల మీద జరిగిన ప్రమాదం కాదది. ఇన్ని సాహసాలు చేసిన మనిషిని పనిచోట జరిగిన ప్రమాదం ఆటకు దూరం చేసింది. అతను మిన్నెసోటాకు తిరిగి వచ్చి, టర్కీ కోళ్ల పెంపకంలో దిగాడు. ఐదేళ్ల క్రీడాజీవితం ముగిసేనాటికి అతని వయసు 24 ఏళ్లు.

అతను తప్పుకున్నా ఆట ఆగలేదు. నిజానికి మరికొందరు అతని గురించి ఏమీ తెలియకుండానే ఇదే దారిలో నడిచారు. వారిలో ముఖ్యుడు ఫ్రెడ్ వాలర్. సినిమా రంగంలో ట్రిక్ ఫొటోగ్రఫీ నిపుణుడైన వాలర్, న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్ తీరంలో స్కీలు తయారుచేసి, డాల్ఫిన్ ఆక్వా స్కీస్ అనే పేరుతో 1925 అక్టోబరులో పేటెంటు తీసుకున్నాడు. పేటెంటు కాగితం చేతిలో ఉంది కాబట్టి వాటర్ స్కీయింగ్ కనిపెట్టింది వాలరేనని చాలాకాలం చెప్పుకున్నారు. ఆయన కాపీ కొట్టలేదు. స్వతంత్రంగానే ఆలోచించాడు. పెద్ద ప్రతిభావంతుడు కూడా: 1952లో వెండితెరను మూడింతలు వెడల్పు చేసిన సినెరమా ఆయన సృష్టే. ఆ పద్ధతిలో తీసిన తొలి చిత్రంలో వాటర్ స్కీయింగ్ దృశ్యాలు ఉండటం విశేషం. పశ్చిమ తీరాన సియాటిల్‌లో డాన్ ఇబ్సెన్ 1928లో సొంతంగా స్కీలు చేసుకున్నాడు. ఒక ఆలోచన పండే కాలం వచ్చినప్పుడు పలుచోట్ల పండుతుంది. అయితే ఎవరు ముందు అన్న ప్రశ్నకు జవాబు తేదీలే చెప్పాలి. వాలర్ పేటెంటు కంటే మూడేళ్లకు పైగా ముందే రాల్ఫ్ పెపిన్ సరస్సు మీద నిలబడ్డాడు.

ఈ ఆటను జనంలోకి తీసుకెళ్లినవారిలో డిక్ పోప్‌ది ప్రత్యేక స్థానం. ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్ దగ్గర 1936లో ఆయన సైప్రెస్ గార్డెన్స్ అనే ఉద్యానాన్ని తెరిచాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులను అలరించడానికి అక్కడ మొదలైన స్కీ ప్రదర్శనలు దశాబ్దాలపాటు సాగాయి. స్కీయర్లు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి గోపురంలా ఏర్పడి నీటి మీద సాగడం, అమ్మాయిలు వరసగా నాట్యభంగిమల్లో జారడం చూడటానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవారు. 1947లో ఏ.జి. హాన్‌కాక్ అనే కుర్రవాడు అక్కడే స్కీలు లేకుండా, వట్టి పాదాలతో నీటి మీద నిలబడ్డాడు. ఆ తరవాత పోప్ కొడుకు డిక్ పోప్ జూనియర్ ఆ విద్యను లోకానికి చూపించాడు.

పోటీలు 1939లో మొదలయ్యాయి. డాన్ హెయిన్స్ చొరవతో అమెరికన్ వాటర్ స్కీ అసోసియేషన్ ఏర్పడి, అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని జోన్స్ బీచ్ వద్ద తొలి జాతీయ పోటీలు జరిగాయి. అంతర్జాతీయ సమాఖ్య 1946లో ఏర్పడింది. 1949లో ఫ్రాన్స్‌లోని జువాన్ లే పాన్ పట్టణంలో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. మహిళల్లో సమగ్ర విజేత, అంటే అన్ని అంశాలూ కలిపి ముందు నిలిచినది, అమెరికాకు చెందిన విల్లా వర్తింగ్టన్. 1950లోనూ, 1955లోనూ ఆ కిరీటం మళ్లీ ఆమెకే దక్కింది. ప్రదర్శనల్లో కనిపించే నాట్య విన్యాసాలు కొన్నింటికి కూడా ఆమే ఆద్యురాలు.

పోటీల్లో మూడు అంశాలు స్థిరపడ్డాయి. విన్యాసాల అంశంలో స్కీయర్‌కు 20 సెకన్ల చొప్పున రెండు అవకాశాలు ఉంటాయి. ఆ కొద్ది సెకన్లలో గిరగిర తిరగడాలు, పల్టీలు ఎన్ని చేయగలిగితే అన్ని పాయింట్లు. కొన్నింటిలో చేత్తో కాక పాదంతో తాడు పట్టుకుని తిరుగుతారు. పడిపోతే పాదం తాడులో చిక్కుకుని విరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, తాడును తక్షణం వదిలేయడానికి పడవలో ఒక మనిషి కన్నార్పకుండా కూర్చుంటాడు. స్కీయర్ తన కాలును నమ్మి అతని చేతిలో పెట్టినట్టే. గెంతులో అందరికంటే దూరం దూకినవారిది గెలుపు. పడవ గంటకు 57 కిలోమీటర్ల వేగం మించకపోయినా, స్కీయర్ పడవ వెనక అడ్డంగా కోసుకుంటూ వచ్చి ర్యాంపు ఎక్కేసరికి 100 కిలోమీటర్ల వేగం దాటేస్తాడు. పురుషుల అత్యుత్తమ గెంతులు 75 మీటర్లు, మహిళల్లో 60 మీటర్లు దాటాయి.

మూడో అంశమైన స్లాలంలో ఆట పసందంతా కనిపిస్తుంది. 259 మీటర్ల దారిలో పడవ తిన్నగా, ఒకే వేగంతో వెళ్తుంది. పురుషులకు గరిష్ఠంగా గంటకు 58 కిలోమీటర్లు, మహిళలకు 55. దారికి ఆ పక్క మూడు, ఈ పక్క మూడు తేలే బంతులు ఉంటాయి. స్కీయర్ ఒకే స్కీ మీద నిలబడి, ఒకదాని తరవాత ఒకటిగా ఆరింటినీ బయటివైపు నుంచి చుట్టి రావాలి. పూర్తి వేగంలో ఇదంతా 16 సెకన్ల పని. చుట్టి వస్తే తాడును కురచ చేస్తారు. 18.25 మీటర్ల తాడు 16కు, ఆపై 14.25, 13, 12 ఇలా తగ్గుతూ పోతుంది. ఇక్కడ ఒక లెక్క ఉంది. బంతులు దారి నడిమధ్య నుంచి 11.5 మీటర్ల దూరంలో ఉంటాయి. తాడు 11.25 మీటర్లకు తగ్గిందంటే అది బంతి దాకా అందదు. మిగిలిన దూరాన్ని స్కీయర్ తన ఒంటితో పూరించాలి. ఒక చేత్తో పిడి పట్టుకుని, ఒళ్లంతా నీటికి దాదాపు ఆనేలా బయటికి చాచి, స్కీని బంతి అవతలి నుంచి తిప్పి, మరుక్షణమే రెండో పక్కకు దూసుకుపోవాలి. తాడు అక్కడితో ఆగదు: 10.75, 10.25, 9.75. చివరి కొలతలో ఒక బంతో రెండు బంతులో అదనంగా చుట్టినా ప్రపంచ రికార్డు మారిపోయే స్థాయి అది.

ఈ పోటీల్లో ఒక్కొక్కరిది ఒక్కో ఘనత. 1969లో కోపెన్‌హాగెన్ ప్రపంచ పోటీల్లో అమెరికాకు చెందిన లిజ్ ఆలన్ స్లాలం, విన్యాసాలు, గెంతు, సమగ్ర విజయం నాలుగింటినీ గెలిచింది. బలమూ ఒడుపూ ధైర్యమూ వేరు వేరుగా కావలసిన మూడు అంశాల్లో ఒకే మనిషి ఒకేసారి ముందు నిలవడం ఎంత అరుదో ఆట తెలిసినవారికే తెలుస్తుంది. శామ్యూల్ డువాల్, అందరికీ సామీగా తెలిసినవాడు, 1981 నుంచి 1987 దాకా వరసగా నాలుగుసార్లు సమగ్ర ప్రపంచ విజేత. ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిస్ మార్టిన్ 1989 నుంచి 1999 దాకా ఆరుసార్లు ఆ స్థానాన్ని వదల్లేదు. ఇంగ్లండ్‌కు చెందిన ఆండీ మాపుల్ 1981లో 18 ఏళ్లకే స్లాలం ప్రపంచ విజేతై, అదే అంశంలో మొత్తం ఆరు ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. 2015లో 52 ఏళ్ల వయసులో మరణించాడు.

ఈ ఆట ఇలా ఎదుగుతున్న తొలి దశాబ్దాల్లో శామ్యూల్‌సన్ టర్కీ కోళ్ల మేతా, అమ్మకాలూ చూసుకుంటున్నాడు. సైప్రెస్ గార్డెన్స్ దృశ్యాలు సినిమాల్లో వస్తున్నాయి, వేసవి వస్తే అమెరికా సరస్సుల మీద లెక్కలేనంత మంది స్కీ చేస్తున్నారు, చరిత్ర రాసేవారు వాలర్ పేరో మరొకరి పేరో రాస్తున్నారు. మొదట చేసింది తానేనని అతను పత్రికల వెంట పడలేదు, కోర్టుకెక్కలేదు. లేక్ సిటీలోని పాతవారికి మాత్రం సంగతి తెలుసు. ఊరి స్నానాల రేవులో బట్టలు మార్చుకునే గది గోడ మీద అతని పాత స్కీలు వేలాడుతుండేవి.

వాటిని పట్టించుకున్నది ఒక విలేకరి. సెయింట్ పాల్ నగరం నుంచి వెలువడే పయొనీర్ ప్రెస్ పత్రికలో పనిచేసే మార్గరెట్ క్రిమ్మిన్స్ 1963లో సెలవులకు లేక్ సిటీ వచ్చింది. గోడ మీది స్కీలు చూసి ఎవరివని అడిగింది. ప్రపంచంలో మొదటి స్కీలు అవేనని ఊరివారు చెప్పారు. చిన్న ఊళ్లలో ఇలాంటి గొప్పలు వినిపించడం మామూలే. చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆమె ఊరుకోలేదు. శామ్యూల్‌సన్ ఎక్కడున్నాడో కనుక్కుని, వెళ్లి మాట్లాడి, పత్రికలో రాసింది. అప్పటికి ఆయనకు 60 ఏళ్లు. ఆ కథనం లేకపోతే, ఆ స్కీలను ఎవరో పొయ్యిలో పెట్టి ఉంటే, ఈ ఆట చరిత్ర నేటికీ 1925 పేటెంటుతోనే మొదలయ్యేది. ఆటగాళ్ల ఘనత నిలవడానికి దాన్ని నమోదు చేసేవారు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కథనం వచ్చాక అమెరికన్ వాటర్ స్కీ అసోసియేషన్ ఆధారాలు పరిశీలించింది. 1966లో రాల్ఫ్ శామ్యూల్‌సన్‌ను తొలి వాటర్ స్కీయర్‌గా అధికారికంగా గుర్తించింది. వెన్ను విరిగి ఆట వదిలేసిన దాదాపు 40 ఏళ్లకు దక్కిన గుర్తింపు అది. ఆయన బతికుండగానే రావడం ఒక్కటే ఇందులో ఊరట. 1972లో ఆట పుట్టి 50 ఏళ్లయింది. అదే ఏడాది మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వాటర్ స్కీయింగ్‌ను ప్రదర్శన క్రీడగా చేర్చి, కీల్ తీరంలో పోటీలు జరిపారు. పతకాల క్రీడగా మాత్రం ఒలింపిక్స్‌లో దానికి ఇంతవరకు చోటు దొరకలేదు. మోటారు పడవ లాగితే తప్ప సాగని ఆట కావడం అందుకు చెప్పే ప్రధాన అభ్యంతరం.

శామ్యూల్‌సన్ 1977 ఆగస్టులో క్యాన్సర్‌తో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 74 ఏళ్లు. లేక్ సిటీ తనను తాను వాటర్ స్కీయింగ్ పుట్టినిల్లుగా చెప్పుకుంటుంది. ఏటా జూన్‌లో వాటర్ స్కీ డేస్ పేరుతో ఊరంతా కలిసి ఉత్సవం చేసుకుంటుంది. ఊరేగింపులు, ఆటలతో పాటు పెపిన్ సరస్సు మీద స్కీ ప్రదర్శనలూ ఉంటాయి. 2022లో ఈ ఆట వందేళ్లు పూర్తి చేసుకుంది.